ఇంటి పెద్దకు నొప్పి లేని రాత్రి

(కాన్సర్ బాధకు ఇంటిలో ఉపశమన పరిచర్య: ప్రసంగ పాఠము)

తెలుగుభాషలో బాధను తెలుపు మాటలకు కొదువ లేదు. తలకు వచ్చినది పోటు. పంటికి వచ్చినదియు పోటే. గాయము రాత్రివేళ సలుపును. ఎండలో తిరిగి వచ్చిన కాళ్లు పీకును. కడుపులో మెలిపెట్టును. పుండు మండును, కీలు గుంజును, నరము జివ్వుమనును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. ఈ మాటలన్నియు చదువురాని అవ్వకు కూడ తెలియును. ఆమె వాటిలో ఒకదానిని ఎంచి పలికినప్పుడు, వైద్యునకు కావలసిన సమాచారములో సగము ఆ ఒక్క మాటలోనే దొరకును. అయినను మన ఇండ్లలో పెద్దవారు ఆ మాటను పైకి పలుకుట అరుదు. "నాకేం లేదులేరా, మీరు భోజనాలు కానివ్వండి" అని గోడవైపునకు తిరిగి పడుకొందురు.

నేటి ప్రసంగము అట్లు గోడవైపునకు తిరిగి పడుకొన్న మనిషిని గురించి. మన పూర్వులు రాచపుండు అని పిలిచిన కాన్సర్ వ్యాధి బాగుగా ముదిరినది; వయస్సు డెబ్బదియో ఎనుబదియో అయినది; శస్త్రచికిత్సలు ముగిసినవి; "ఇక ఇంటికి తీసికొనిపొండు" అని ఆసుపత్రివారు చెప్పినారు. ఇంటివారు ఆ మాటను "ఇక చేయవలసినది ఏమియు లేదు" అని అర్థము చేసికొందురు. ఆ అర్థము తప్పు. వ్యాధిని పోగొట్టుటకు మార్గము లేకపోవచ్చును. బాధను తగ్గించుటకు మార్గములు చాల ఉన్నవి. వాటిలో అధికభాగము ఇంటివారి చేతులమీదుగానే జరుగవలెను.

బాధ యొక్క నాలుగు పేటలు

ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అను నొకామె (1918-2005) మొదట నర్సుగాను, పిమ్మట ఆసుపత్రిలో సాంఘిక సహాయకురాలుగాను పనిచేసి, ఆ తరువాత వైద్యవిద్య నభ్యసించి డాక్టరైనది. 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించినది. మరణమునకు సమీపించిన రోగులమాటలను ఓపికగా విని, వ్రాసి పెట్టుకొని, ఆమె ఒక సంగతిని గ్రహించినది. రోగి "నొప్పి" అను ఒక్క పేరుతో చెప్పునది నాలుగు పేటల త్రాడువంటిది. ఒక పేట శరీరమునకు చెందినది. రెండవది మనస్సునకు, మూడవది కుటుంబమునకును సంఘమునకును, నాలుగవది ఆత్మకు చెందినది. దీనికామె "సంపూర్ణ వేదన" అను అర్థమిచ్చు పేరు పెట్టినది.

ఇది మనకు క్రొత్త సంగతిగా తోచదు. ఒక ముసలాయనకు భుజమున కణితి ఉన్నదనుకొందము. పగలు కొంత మేలుగానే ఉండును. దీపాలవేళ అయ్యేసరికి నొప్పి హెచ్చును. కణితి సాయంకాలము పెరుగునా? పెరుగదు. కాని ఆ వేళకు ఇంటిలో సందడి అణగును. బ్యాంకు అప్పు జ్ఞాపకమునకు వచ్చును. పెండ్లి కాని మనుమరాలు జ్ఞాపకమునకు వచ్చును. "రేపు నేను లేస్తానా" అను ప్రశ్న వచ్చును. ఒక పేట బిగిసినచో తక్కిన మూడును బిగియును. కనుక మాత్ర అత్యవసరమే, మాత్రతో పాటు ప్రక్కన కూర్చుండు మనిషియు అత్యవసరమే. ఈ రెండింటిలో ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. దగ్గర కూర్చుండి ఎంత ప్రేమగా చేయి నిమిరినను, ఎముకకు ప్రాకిన కాన్సర్ నొప్పి మందు లేక తగ్గదు.

అడుగుట ఎట్లు?

పరిచర్యలో మొదటి పని అడుగుట. "నొప్పిగా ఉందా?" అని అడిగినచో పెద్దవారు "లేదు" అని ముగింతురు. "ఎక్కడ లాగుతోంది నాన్నగారూ? మంటగా ఉందా, పోటుగా ఉందా? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? పక్కకి తిరిగితే ఎక్కువవుతోందా?" అని అడిగినచో చెప్పుదురు. ఆసుపత్రులలో సున్న నుండి పదివరకు అంకె చెప్పుమందురు. పాత తరమువారికి రూపాయి లెక్క సులభము. "రూపాయికి ఎన్ని అణాల నొప్పి ఉందమ్మా?" అని అడిగినచో, "నిన్న పన్నెండణాలు, ఇవాళ ఆరణాలు" అని ఎంత వృద్ధురాలైనను లెక్క చెప్పగలదు. ఆ లెక్కను, మందు వేసిన వేళను ఒక పుస్తకములో వ్రాసినచో, నాలుగు దినముల పిమ్మట వైద్యునకు ఆ పుస్తకమే మంచి సాక్ష్యమగును.

నొప్పి రకమును తెలిసికొనుట ఏల? రకమును బట్టి మందు మారును గనుక. కదలినప్పుడు హెచ్చి, ఒకేచోట నిలిచి సలుపునది ఎముక నొప్పి కావచ్చును. అట్టిదానికి రేడియేషన్ చికిత్స ఒక్క పర్యాయము ఇచ్చినను పలువురికి మంచి ఉపశమనము కలుగును; వ్యాధి ముదిరినదని ఆ అవకాశమును వదలుకొనరాదు. మంటగాను, విద్యుత్తు తాకినట్లుగాను, తిమ్మిరితోను ఉండునది నరముల నొప్పి. దానికి అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి వేరు మందులను తోడుగా ఇత్తురు. వచ్చుచు పోవుచు మెలిపెట్టునది ప్రేగులది. దానికి చికిత్స వేరు. ఒకే మనిషికి ఈ మూడును ఉండవచ్చును.

మతిమరపు ముదిరినవారు, మాట పడిపోయినవారు చెప్పలేరు. వారి ముఖమును చూడవలెను. కనుబొమలు ముడివడుట, ముట్టుకొనబోగా చేయి నెట్టివేయుట, మూలుగు, తిండి మానుట, ఎన్నడును లేని కోపము, నిద్ర తారుమారగుట, ఇవన్నియు నొప్పి పలుకు భాషయే. స్నానము చేయించునప్పుడు రోగి అరచినచో "మొండితనము" అనుకొనుటకు ముందు, ఎక్కడ తాకగా అరచినాడో చూడవలెను.

మూడు మెట్లు, ఒక గడియారము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో కాన్సర్ నొప్పి నివారణకు ఒక సులభమైన పద్ధతిని ప్రకటించినది. దానిని మూడు మెట్ల నిచ్చెన అందురు. మొదటి మెట్టున పారాసిటమాల్ వంటి సామాన్యమైన మందులు. రెండవ మెట్టున కోడీన్, ట్రమడాల్ వంటివి. మూడవ మెట్టున మార్ఫీన్ మొదలగు బలమైన మందులు. నొప్పి తీవ్రముగా ఉన్నచో మెట్టు మెట్టుగా ఎక్కుచు కాలము గడుపక నేరుగా మూడవ మెట్టునకు పోవుటయు నేడు వాడుకలో ఉన్నది.

మొదటి మెట్టు మందులు దుకాణములో సులభముగా దొరకునవి గనుక వానియందు చులకన భావము కూడదు. పెద్దవారి మూత్రపిండములు వయస్సుతో మందగించును. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు వారిలో కడుపున రక్తస్రావమును, మూత్రపిండములకు హానిని కలిగింపవచ్చును. పారాసిటమాల్ కూడ చిక్కిపోయిన ముసలివారికి పూర్తి మోతాదులో ఈయరాదు. ఏ మందైనను వైద్యుడు నిర్ణయించిన మోతాదే ఈయవలెను.

మెట్లకంటె ముఖ్యమైనది గడియారము. ఇంటివారు పొరపాటు పడునది ఇక్కడనే. దూరపు పట్టణమునుండి తెచ్చిన మాత్రలు. లెక్కకు నలుబది ఉన్నవి. "నొప్పి బాగా వస్తే వేద్దాం, ఊరికే అయిపోగొట్టుకోవడం ఎందుకు?" అని ఇల్లాలు వాటిని పెట్టెలో దాచును. రోగియు "ఇంకా ఓర్చుకోగలను" అనును. రాత్రి పదిగంటలకు ఓర్పు తీరిపోవును. అప్పుడు మాత్ర వేయుదురు. అది పనిచేయుటకు అరగంట, గంట పట్టును. ఆ గంటయు నరకమే. చివరకు ఒక మాత్ర చాలక రెండవది కావలసివచ్చును. తెల్లవారిన పిమ్మట అందరును "ఈ మందు పనిచేయలేదు" అనుకొందురు.

పొయ్యిమీది పాలను చూడుడు. పొంగు రాకముందు మంట తగ్గించినచో పాలు గిన్నెలోనే ఉండును. పొంగి పొయ్యిలో పడిన తరువాత ఎంత నీరు చిలకరించినను పోయినవి తిరిగి రావు. నొప్పియు అట్టిదే. మామూలు మార్ఫీన్ మాత్ర పని సుమారు నాలుగు గంటలు నిలుచును. అందుచేతనే వైద్యుడు నాలుగు గంటల కొకటి అని వ్రాయును. ఉదయము ఆరు, పది, పగలు రెండు, సాయంకాలము ఆరు, రాత్రి పది, ఇట్లు వేళకు ఈయవలెను. నొప్పి లేకున్నను ఈయవలెను. నొప్పి లేకుండుటకే కదా ఇచ్చుట! రాత్రి నిద్ర చెడకుండ పడుకొను వేళ మోతాదును పెంచి, నడిరేయి మాత్రను మానిపించు పద్ధతియు గలదు. మూత్రపిండములు మందగించిన వృద్ధులకు వైద్యుడు తక్కువ మోతాదును, ఎక్కువ ఎడమును నిర్ణయించును.

వేళల నడుమ నొప్పి తల ఎత్తినచో వాడుటకు వైద్యుడు ఒక అదనపు మోతాదు చెప్పును. దానిని వాడుటకు జంకరాదు. పుస్తకములో మాత్రము వ్రాయవలెను. దినమునకు మూడు నాలుగు పర్యాయములు అది అవసరమగుచున్నచో అసలు మోతాదు చాలుట లేదని అర్థము. స్నానమునకు, పుండు కట్టు మార్చుటకు అరగంట ముందుగా ఆ మోతాదు ఈయవచ్చునా అని అడిగి తెలిసికొనుడు. ప్రతిదినము కట్టు మార్చు వేళ పడు బాధ చాలవరకు దీనితో తప్పిపోవును.

నల్లమందు అను భయము

మార్ఫీన్ అనగానే ఇంటిలో అందరును ఒకరి మొగమొకరు చూచుకొందురు. "నల్లమందు కదా?" నిజమే. మన వంటింటి గసగసాలను ఇచ్చు మొక్కయే నల్లమందును ఇచ్చును. పచ్చికాయకు గాటు పెట్టగా కారు పాలు గట్టిపడినచో అది నల్లమందు. దానినుండి మార్ఫీన్‌ను 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో సెర్టూర్నర్ అను జర్మను ఔషధకారుడు వేరు చేసి, గ్రీకుల స్వప్నదేవత పేరు దానికి పెట్టెను. మన దేశమున మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు లైసెన్సుతో ఈ పంటను పండింతురు. ఘాజీపూరులోను నీమచ్‌లోను ప్రభుత్వ కర్మాగారములు ఉన్నవి. ప్రపంచమునకు నల్లమందు అందించు ఈ దేశములో నొప్పితో మూలుగు రోగికి మార్ఫీన్ మాత్ర దొరకకపోవుట చాలకాలము సాగిన వింత.

అందులకు కారణము కొంతవరకు చట్టము. 1985లో మత్తుమందుల చట్టము వచ్చినది. దుర్వినియోగమును అరికట్టుట దాని ఉద్దేశము. కాని ఒక ఆసుపత్రి మార్ఫీన్ ఉంచుకొనవలెనన్న పలు లైసెన్సులు కావలసివచ్చి, అవి ఒక్కటొక్కటిగా గడువు తీరుచుండుటచే, ఆసుపత్రులే దానిని మానివేసినవి. ఒక తరము వైద్యులు మార్ఫీన్‌ను వాడుట చూడకయే పట్టభద్రులైరి. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించినది. వైద్యమునకు ఆవశ్యకమైన మత్తు ఔషధములకు ప్రత్యేక వర్గము ఏర్పడినది. మార్ఫీన్, ఫెంటనిల్, మెథడోన్, కోడీన్ మొదలగు ఆరు మందులు అందు చేరినవి. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఒకే అనుమతితో వాటిని ఉంచుకొను వీలు కలిగినది.

ఇక జనుల భయములు మూడు. మొదటిది, అలవాటు పడుదురని. తీవ్రమైన కాన్సర్ నొప్పికి వైద్యుని పర్యవేక్షణలో, కొలత ప్రకారము నోటిద్వారా మార్ఫీన్ తీసికొను వృద్ధుడు వ్యసనపరుడగుట చాల అరుదు. అయితే శరీరము ఆ మందునకు సర్దుకొనును. అందువలన ఒక్కసారిగా మానరాదు. మానవలసివచ్చినచో వైద్యుడు క్రమముగా తగ్గించును. రెండవది, ఇది చివరి మందని, దీనిని ఇచ్చిరన్న మనిషి పోవుట ఖాయమని. నెలల తరబడి మార్ఫీన్ తీసికొనుచు అరుగుమీద కూర్చుండి మనుమలతో మాటలాడువారు ఉన్నారు. మందు మొదలుపెట్టుటకు చూడవలసినది నొప్పి తీవ్రత. మిగిలిన ఆయుర్దాయము కాదు. మూడవది, ఇప్పుడే వాడినచో తరువాత పనిచేయదని. మార్ఫీన్ మోతాదును అవసరమును బట్టి పెంచవచ్చును. రేపటికి దాచిపెట్టిన ఉపశమనమువలన రేపు లాభము లేదు. నేటి రాత్రి మాత్రము నష్టము.

భయపడుట వేరు, జాగ్రత్త వేరు. జాగ్రత్త తప్పక ఉండవలెను. ఈ మాత్రలను తాళము వేసి ఉంచవలెను. పిల్లలకు గాని, నడుము నొప్పి అను పొరుగువారికి గాని ఒక్కటి కూడ ఈయరాదు. మిగిలినవానిని ఇచ్చినచోటనే తిరిగి అప్పగింపవలెను. నెమ్మదిగా కరగు రకపు మాత్రలను నూరి గాని విరిచి గాని ఈయరాదు. చర్మమునకు అంటించు ఫెంటనిల్ పట్టీమీద వేడి కాపడము పెట్టరాదు. వేడికి మందు హెచ్చుగా లోనికి పోవును.

మార్ఫీన్‌తో మొదటి రెండు మూడు దినములు మగతగా ఉండవచ్చును. పలువురు ఎన్నో రాత్రుల నిద్ర బాకీ తీర్చుకొందురు. వారము లోపల వాంతులు కూడ సామాన్యముగా తగ్గును. తగ్గనిది మలబద్ధము. కనుక మార్ఫీన్ మొదలుపెట్టిన దినముననే విరేచనపు మందును మొదలుపెట్టవలెను. సునాముఖి, బిసకోడిల్ వంటివి ప్రేగులను కదలించును. నీరు సరిగా త్రాగలేని రోగికి ఇసబుగోలు పొట్టు మేలు చేయదు, లోపల గట్టిపడవచ్చును. మూడు దినములు విరేచనము కాకున్నచో వైద్యునకు తెలుపవలెను. పిలిచినను తట్టినను లేవకుండుట, ఊపిరి నిమిషమునకు ఎనిమిదికంటె తగ్గుట, క్రొత్తగా పలవరింత, కాలుచేతులు ఉలికిపడినట్లు అదురుట కనిపించినచో తరువాతి మోతాదు ఆపి వెంటనే వైద్యుని పిలువవలెను. మరొక సంగతి. క్రొత్తగా తీవ్రమైన వెన్నునొప్పి వచ్చి, కాళ్ల బలము తగ్గుట, మూత్రము బంధించుట గాని వశము తప్పుట గాని జరిగినచో ఆ దినముననే ఆసుపత్రికి కొనిపోవలెను. వెన్నుపాము నొక్కుకొనుచున్నదనుటకు అది గుర్తు. ఆలస్యమైనచో కాళ్లు తిరిగి రాకపోవచ్చును.

పక్క, మేను, నోరు

మందు తరువాత పక్క. మంచమునుండి లేవలేనివారిని రెండు గంటల కొకమారు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు త్రిప్పవలెను. ఎముక ఉబికి ఉన్నచోట్ల, అనగా నడుము క్రింద, తుంటి ప్రక్కల, మడమలకు, భుజపు రెక్కలకు పక్క ఒత్తిడివలన రక్తము ఆడక పుండు పడును. వ్రేలితో నొక్కినను ఎరుపు పోకున్నచో పుండు మొదలైనదని తెలియవలెను. నల్లని మేనివారిలో ఎరుపు కనబడకపోవచ్చును. అక్కడి వేడిని, గట్టిదనమును చేతితో చూడవలెను. అట్టిచోట మర్దన చేయరాదు. ఆ వైపు పడుకొనకుండ చూడవలెను. గాలి పరుపు ఉన్నను త్రిప్పుట మానరాదు. నడుమ రంధ్రముండు గుండ్రని దిండు మంచిది కాదు. దాని అంచు ఒత్తిడి చుట్టును రక్తమును ఆపును.

త్రిప్పుటలోను మెళకువ ఉన్నది. చంకలలో చేతులు పెట్టి లాగినచో చర్మము రాపిడి పడును. ఎముక పెళుసైన రోగికి ఎముకయే విరుగవచ్చును. మెత్తని పాత నూలుచీరను నాలుగు మడతలు వేసి రోగి భుజములనుండి తొడలవరకు క్రింద పరచవలెను. ఇద్దరు చెరియొక ప్రక్క నిలిచి, చీర అంచులు పట్టుకొని, "ఇప్పుడు ఇటు తిప్పుతున్నామమ్మా" అని చెప్పి, ఒక్కసారిగా త్రిప్పవలెను. చెప్పక త్రిప్పినచో రోగి ఉలికిపడి మేను బిగబట్టును, నొప్పి ఇబ్బడించును. మోకాళ్ల నడుమ ఒక దిండు, వీపునకు ఆనిక ఒక దిండు, మడమలు పక్కకు తగులకుండ పిక్కల క్రింద ఒక దిండు ఉంచవలెను. దుప్పటిలో ముడతలు, మెతుకులు లేకుండ చూడవలెను.

నొప్పి ఉన్న ఎముకమీద గట్టిగా మర్దన చేయరాదు. స్పర్శ తెలియనిచోట, రేడియేషన్ ఇచ్చినచోట వేడి కాపడము పెట్టరాదు. తక్కినచోట్ల గోరువెచ్చని కాపడము, పాదములకు మెల్లగా నూనె రాయుట హాయి నిచ్చును. పైకి పగిలిన పుండునకు పసరులు, బూడిద, పేడ తగులరాదు. మరగించి చల్లార్చిన ఉప్పునీటితో కడిగి, అంటుకొన్న కట్టును ఆ నీటితోనే నానబెట్టి మెల్లగా తీయవలెను. దుర్వాసన ఉన్నచో వైద్యుని అడిగినయెడల మెట్రోనిడజోల్‌తో దానిని చాలవరకు తగ్గింతురు. ఇది చిన్న సంగతి కాదు. వాసనకు వెరచి మనుమలు గదిలోనికి రాకపోవుట ఆ పెద్దకు పుండుకంటె ఎక్కువ బాధ.

నోరు పరిచర్యలో అందరును మరచునది. ఎండిన నోరు, పూసిన నాలుక, పగిలిన పెదవి అన్నమును, మాటను, నిద్రను చెరచును. దినమునకు నాలుగైదు పర్యాయములు చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపిన నీటితో పుక్కిలింపజేయవలెను. పుక్కిలింపలేనివారికి మెత్తని గుడ్డ ఆ నీటిలో ముంచి తుడువవలెను. కట్టుడుపళ్లను రాత్రి తీసివేయవలెను. నాలుకమీద పెరుగు తరకలవంటి తెల్లని పూత కనిపించినచో అది శిలీంధ్రము, మందుతో తగ్గును. పెదవులకు కొంచెము వెన్న రాసినను చాలును.

తిండి, మాట

"తినకపోతే ఎలాగ?" ప్రతి ఇంటిలోను ఈ మాట వినబడును. మన సంస్కృతిలో పెట్టుటయే ప్రేమ. కాని వ్యాధి ముదిరినపుడు ఆకలి సహజముగా చచ్చును. తినకపోవుటవలన రోగి క్షీణించుచున్నాడని మనమనుకొందుము; వ్యాధివలన క్షీణించుచున్నాడు గనుకనే తినలేకున్నాడు. బలవంతము చేసినచో వాంతియో, పొరబోవుటయో జరుగును. రెండు చెంచాల జావ, అరగిన్నె చారన్నము, కొంచెము మజ్జిగ, ఆయన అడిగినది, ఆయన అడిగినప్పుడు, వీపు నిలిపి కూర్చుండబెట్టి ఈయవలెను. మామిడికాయ పప్పు అడిగి ఒక్క ముద్ద తిని చాలన్నచో, ఆ ముద్ద తృప్తిగా తిన్నాడని సంతోషింపవలెను.

మాట అంతకంటె కష్టము. "ఆయనకు మాత్రం చెప్పకండి" అని కొడుకులు వైద్యుని బ్రతిమాలుదురు. ఆయనకు తెలియనిదేమియు లేదు. ఆసుపత్రి బోర్డు చదివినాడు. కోడలి కన్నులు చూచినాడు. ఇంటివారు ఆయన యెదుట, ఆయన ఇంటివారి యెదుట నటించుచుండుటచే అందరును ఒంటరివారగుదురు. అన్నియు ఒకేసారి చెప్పవలెనని కాదు. "మీకేమనిపిస్తోంది నాన్నగారూ? ఏమైనా అడగాలనుందా?" అని అడిగి, జవాబు వచ్చువరకు మౌనముగా ఉండుట చాలును. పొలము పత్రములు ఎక్కడ ఉన్నవో చెప్పవలెననియో, తమ్మునితో పదేండ్ల క్రిందటి తగవు తీర్చుకొనవలెననియో ఆయనకు ఉండవచ్చును. అవి తీరినపుడు మాత్రల అవసరము కూడ కొంత తగ్గుట వైద్యు లెరిగిన సంగతియే.

పరిచర్య చేయువారిని గురించి కూడ ఒక మాట. సామాన్యముగా ఈ భారమంతయు ఒక్క స్త్రీమీద పడును. భార్యయో, కోడలో, పెండ్లి కాని కూతురో. దూరమున ఉన్న కొడుకులు ఫోనులో సలహాలు చెప్పుదురు. సలహాకంటె వారమునకు రెండు రాత్రులు మేలుకొనుట మేలు. మాత్రల పుస్తకము చూచుట ఒకరు, మందులు తెచ్చుట ఒకరు, రాత్రి కాపు ఒకరు అని పంచుకొనినచో ఆమెకు ఒక పూట నిద్ర దొరకును. నిద్ర లేని చేయి మోతాదు పొరబడును, విసుగుకొనును, ఆ విసుగును తలచుకొని ఏండ్ల తరబడి ఏడ్చును.

చివరి దినములు

చివరి దినములలో నిద్ర హెచ్చును, మ్రింగుట పోవును, పాదములు చల్లబడును, ఊపిరి ఆగి ఆగి వచ్చును. మ్రింగలేకున్నాడని నొప్పి మందు మానరాదు. చర్మము క్రింద సన్నని సూదిద్వారా ఇచ్చు ఏర్పాటు చేయవచ్చును. గొంతులో గురగుర వినబడినచో ప్రక్కకు త్రిప్పి పడుకొనబెట్టవలెను. ఆ శబ్దము మనలను కలవరపెట్టినంతగా స్పృహ లేని రోగిని బాధింపదు. తులసితీర్థము పోయు ఆచారము ఉన్నచో గొంతులో పోయక, దూదితో పెదవులు తడిపిన చాలును. పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వినికిడి చివరివరకు ఉండవచ్చునందురు. కనుక మంచము ప్రక్కన ఆస్తి మాటలు, శ్మశానపు ఏర్పాట్లు మాటలాడక, పేరు పెట్టి పిలిచి, ఎవరు వచ్చిరో చెప్పవలెను.

ఇదంతయు ఒంటరిగా చేయవలసిన పని కాదు. మన దేశములో మొదటి హాస్పిస్ శాంతి ఆవేదనా సదనము 1986లో బొంబాయిలో వెలసినది. 1993లో కాలికట్‌లో కొందరు వైద్యులు స్థాపించిన ఉపశమన వైద్య సంఘము కేరళ అంతట వ్యాపించి, ఊరివారే వలంటీర్లుగా శిక్షణ పొంది ఇరుగుపొరుగు రోగులను చూచుకొను ఏర్పాటుగా పెరిగినది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ఇందుకొక విధానమును ప్రకటించినది. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రియందు ఉపశమన వైద్య విభాగము ఉన్నది. ఇండ్లకు వచ్చి చూచు బృందములును ఏర్పడినవి. తెలంగాణ జిల్లాలలోని ప్రభుత్వ ఆసుపత్రులలోను ఇట్టి కేంద్రములు వెలసినవి. తెలుగు దేశమున ఎక్కడ ఉన్నవారైనను కాన్సర్ ఆసుపత్రినుండి ఇంటికి బయలుదేరునప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు: "మార్ఫీన్ ఎక్కడ దొరుకుతుంది? నడిరేయి నొప్పి వస్తే ఏమి ఇవ్వాలి? ఎవరికి ఫోను చేయాలి?" ఈ మూడింటికి జవాబు వ్రాయించుకొనిగాని ఆసుపత్రి గడప దాటవద్దు.

జవాబులు చేత ఉన్నచో, నేటి రాత్రి పదిగంటల మాత్ర పదిగంటలకే వేయుడు. పక్క సరిచేసి, నోరు తడిపి, దీపము తగ్గించి కొంతసేపు ప్రక్కన కూర్చుండుడు. తెల్లవారుజామున రోగి మెలకువ వచ్చి "ఎన్ని గంటలయిందిరా, బాగా నిద్ర పట్టింది" అన్నచో, ఆ ఇంటిలో జరుగవలసిన వైద్యము జరిగినట్లే.